పులిజూదానికి జోడీ

సంక్రాంతికి వాకాడు వెళ్ళినప్పుడల్లా ఒక లెక్క చూస్తుంటాను: పాత ఆటల్లో ఇంకా ఏవి ఆడుతున్నారా అని. అష్టాచెమ్మా ప్రతి ఏడూ ఉంటుంది. వైకుంఠపాళి, ఇంట్లో అట్ట ఉంటేనే. పులిజూదం కనపడి చాలా ఏళ్ళయింది.

ఆటగా చూస్తే పులిజూదమే గొప్పదంటాను. 3 పులులు, 15 మేకలు. మేక దూకలేదు, చంపలేదు. మందగా చేరి పులికి దారి మూసేయడమే దాని బలం. అదృష్టానికి చోటే లేదు. చిక్కంతా అక్కడే. మా తాత పదేళ్ళవాణ్ణని కూడా చూడకుండా నన్ను ఓడించేవాడు. చివరి రోజుల్లో ఆయనకి జోడీ దొరక్క, అరుగు మీద ఒక్కడే కూర్చుని రెండువైపులా తనే ఆడుకునేవాడు.

అష్టాచెమ్మాలో 4 గవ్వలూ బోర్లా పడితే ఎనిమిది, వెల్లకిలా పడితే నాలుగు. గవ్వలు లేవా, ఒకవైపు అరగదీసిన చింతగింజలు చాలు. ఆరేళ్ళ పిల్ల కూడా అవ్వ కాయని చంపి ఇంటికి పంపగలదు. 2020 లాక్‌డౌన్‌లో లూడో కింగ్ అన్ని ఫోన్లలోకీ ఎక్కింది కూడా ఇందుకేనేమో.

పోయిన పండక్కి మా అన్న కూతురికి పులిజూదం గీసి నేర్పించాను. వరసగా మూడాటలు ఓడిపోయింది. సుద్దముక్క లాక్కుని పక్కనే అష్టాచెమ్మా గళ్ళు గీసేసి, "ఇప్పుడు రా బాబాయ్" అంది.