సొంత నగరంలో నాలుగు ఉదయాలు

వేసవి సెలవులు రాగానే మా మనుమడు, "దాదా, మనం ఎక్కడికి వెళ్తున్నాం?" అని అడిగాడు. ఎదురింటివారు ఊటీకి, పక్కింటివారు అరకుకు బయలుదేరుతున్నారు. మదర్సా ఉపాధ్యాయుని జీతం అంత దూరం రాదని ఆ పసివాడికి ఎలా చెప్పాలో తోచక నేను తడబడుతుండగా, నా అర్ధాంగి మెల్లగా అంది: "ఊటీ మాట అటుంచండి. నేనింకా గోల్కొండే చూడలేదు."

ఆ మాటకు నేను సిగ్గుపడ్డాను. ఆమె సూర్యాపేట నుండి కోడలిగా హైదరాబాదు వచ్చి 32 ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె ఎరిగిన నగరం మా వీధి, కూరగాయల అంగడి, బంధువుల ఇళ్లు, ఆసుపత్రి మాత్రమే. నేనేమో విద్యార్థులకు బాగ్దాదు గ్రంథాలయాల గురించి, కార్డొబా మసీదు స్తంభాల గురించి గంటల తరబడి చెబుతాను. దైవప్రవక్త (సల్లం) ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసిన ఉదంతాన్ని ఏటేటా బోధిస్తాను. ఆ పాఠం నా ఇంటి గడప దాటి లోపలికి రాలేదని ఆ రోజు గ్రహించాను.

మదర్సాకు నాలుగు రోజుల సెలవులున్నాయి. ఉదయమే బయలుదేరి, ఎండ ముదిరేలోగా పని ముగించుకుని, జుహ్ర్ వేళకు ఇల్లు చేరాలని నిశ్చయించుకున్నాం. టిఫిన్ డబ్బా, మంచినీళ్లు ఇంటి నుండే. ఆర్టీసీ బస్సులో మహిళలకు ఛార్జీ లేదు గనుక ప్రయాణ ఖర్చు నాకూ మనుమడికీ మాత్రమే.

మొదటి రోజు గోల్కొండ. మోకాళ్ల నొప్పి వల్ల నేను బాలా హిసార్ ద్వారం వద్దే ఆగిపోయాను. వారిద్దరూ వందలాది మెట్లెక్కి కొండపైకి చేరారు. కింద కమాను దగ్గర చప్పట్లు కొడితే పైన వినబడటం ఆ నిర్మాణంలోని విశేషం. నేను కొట్టాను. దిగివచ్చాక ఆమె నవ్వుతూ, "కొండ మీదికి మీ చప్పట్లు వినబడ్డాయి. వంటింట్లోంచి నేను పిలిస్తే మాత్రం పక్క గదిలోని మీకు వినబడదు" అంది. నా వద్ద జవాబు లేదు.

అక్కడి నుండి కుతుబ్ షాహీ సమాధులకు వెళ్లాం. సుల్తానుల సమాధుల నడుమ వాటికి దీటుగా నిలిచిన ఒక కట్టడం హయాత్ బక్షీ బేగంది. ఆమె ముహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా సతీమణి, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. "ఈమె కట్టించినది ఏదైనా మిగిలి ఉందా?" అని మా ఇంటావిడ అడిగింది. నాలుగో రోజు చూపిస్తానన్నాను.

రెండో రోజు చార్మినార్, మక్కా మసీదు. చార్మినార్ 1591 నాటిది. హిజ్రీ శకం వెయ్యవ సంవత్సరం అప్పుడే ప్రవేశించింది. మక్కా మసీదుకు 1617లో పునాది పడింది. పూర్తయింది 1694లో. పునాది వేసిన సుల్తాను పూర్తయిన మసీదును చూడలేదు. అతని వంశపు రాజ్యమే అప్పటికి అంతరించింది. "మరి ఎందుకు మొదలుపెట్టాడు?" అన్నాడు మనుమడు. "తర్వాత వచ్చేవాళ్లు నమాజు చేసుకుంటారని" అని వాళ్ల దాదీ జవాబిచ్చింది.

మూడో రోజు మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు వద్దకు వెళ్లాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు పోయినప్పుడు, సుమారు 150 మంది ఈ చెట్టెక్కి బతికారు. ఆ విలయం తర్వాతే వరదను ఆపేందుకు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిర్మించారు. ఆమె చెట్టు మొదలును చేత్తో తాకి, "ఈ ఆసుపత్రికి ఎన్నిసార్లు వచ్చానో! ఈ చెట్టు కథ మాత్రం ఎరగను" అంది.

నాలుగో రోజు విజయవాడ రహదారి మీది హయాత్‌నగర్. అక్కడి మసీదును హయాత్ బక్షీ బేగం కట్టించింది. విశాలమైన ప్రాంగణం చుట్టూ బాటసారులు బస చేసేందుకు గదుల వరుసలున్నాయి. సమీపంలోనే హాథీ బావ్లీ అనే పెద్ద బావి. ఆమె చాలాసేపు ఆ గదుల నీడలో కూర్చుంది. తర్వాత, "పెళ్లయి వచ్చిన రోజు ఈ దారినే బస్సులో వచ్చాను. పుట్టింటికి వెళ్లిన ప్రతిసారీ ఈ దారే. బాటసారుల కోసం ఒక స్త్రీ ఇక్కడ నీడ ఏర్పాటు చేసిందని నాకెవరూ చెప్పలేదు" అంది. ఆ 'ఎవరూ' అన్న మాట నాకే తగులుతుంది.

భూమిపై సంచరించి పూర్వీకుల గతిని చూడమని దివ్య ఖుర్ఆన్ పదేపదే ఉద్బోధిస్తుంది. ఆ సంచారం సొంత ఊరి నుండే మొదలుపెట్టవచ్చు. పాఠక సోదరులారా, మీది ఏ ఊరైనా సరే, "ఇక్కడ నీవు చూడాలనుకుని చూడలేకపోయినది ఏమిటి?" అని ఈ రాత్రి మీ ఇంట్లో అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి.

మా ఇంట్లో జవాబు వచ్చేసింది: సాలార్ జంగ్ మ్యూజియం. దానికి శుక్రవారం సెలవు. మా మదర్సాకూ ఆ రోజే సెలవు. కనుక నేను ఒకనాటికి సెలవుచీటీ రాయవలసి ఉంది. ఇన్షా అల్లాహ్, రాస్తాను.