రెండు మెట్ల మధ్య

నేను బడిలో గిటార్ నేర్చుకున్నది మొత్తం రెండున్నర గంటలు. లెక్క వేసే చెబుతున్నాను. తొమ్మిదో తరగతిలో శనివారం చివరి పీరియడ్ మ్యూజిక్. 40 నిమిషాలు. క్లాసులో 40 మందిమి, గిటార్లు ఐదు. అంటే ఒక్కో గిటార్‌కి ఎనిమిది మంది, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. సెలవులూ పరీక్షలూ తీసేస్తే ఆ ఏడాది మాకు దక్కినవి ఓ 30 శనివారాలు.

మా జహీరాబాద్ అప్పుడు మెదక్ జిల్లాలో ఉండేది. సంగారెడ్డి జిల్లా 2016లో వచ్చింది. హైదరాబాద్ నుంచి ముంబై పోయే హైవే మీద, కర్ణాటక సరిహద్దు దగ్గర ఊరు. చెరకు లారీలు, మహీంద్రా ఫ్యాక్టరీ, బజార్లో తెలుగూ ఉర్దూ కన్నడం కలిసిపోయిన మాటలు. పెళ్లి బరాత్‌లో బ్యాండు చూశాం, భజనలో హార్మోనియం చూశాం. గిటార్ మాత్రం సినిమా హీరో చేతిలోనే చూశాం. అందుకే సార్ మొదటి రోజు గిటార్ సంచీ జిప్ తీస్తుంటే క్లాసంతా బెంచీల మీదికి ఎక్కింది.

సార్ బీదర్ నుంచి బస్సులో వచ్చేవారు. మొదటి రెండు వారాలు మాతో ఏమీ వాయించనివ్వలేదు. "పహ్లే సునో, ఫిర్ బజావ్" అనేవారు. తీగలు ఎలా కలపాలో చూపించారు. లావు తీగను ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే వచ్చే శబ్దమే దాని పక్క తీగది కావాలి. అలా ఒక్కో తీగకీ పక్కదాన్ని కలుపుకుంటూ పోవాలి. మూడో తీగ దగ్గర మాత్రం ఐదోది కాదు, నాలుగో ఫ్రెట్ నొక్కాలి. రెండు తీగలూ సరిగ్గా కలవకపోతే శబ్దం వణుకుతుంది. మరను మెల్లగా తిప్పుతుంటే ఆ వణుకు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోతుంది. అది ఆగిన క్షణం నాకు ఒళ్లు జలదరించింది.

మూడో వారం ఈ మైనర్ కార్డ్. రెండు వేళ్లు చాలు. తర్వాత జీ, సీ, డీ. వేళ్ల కొసలు మండేవి. నా ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు వేళ్లు సర్దుకోవడానికే పోయేవి, సరిగ్గా మోగే సరికి పక్కవాడు "అయిపోయింది, ఇయ్యి" అనేవాడు. ఇంట్లో గిటార్ లేదు. పరీక్ష అట్ట వెనక ఆరు గీతలు గీసి, అడ్డంగా ఫ్రెట్లు గీసి, దాని మీదే వేళ్లు పెట్టి చూసుకునేవాణ్ని. అట్ట మోగదు కాబట్టి తప్పు కూడా తెలియదు.

తప్పు తెలిసేది మిగతా 35 నిమిషాల్లో. ఏడుగురు వాయిస్తుంటే కూర్చుని వినడం తప్ప పని లేదు. ఎవరి వేలు పక్క తీగకి తగులుతోందో, ఏ తీగ దిగిపోయిందో చూడకుండానే చెప్పేసేవాణ్ని. వేళ్లకి ఏమీ రాలేదు గానీ చెవికి బాగా వచ్చింది. సార్ ఒకసారి "నీ చెవి మంచిది" అన్నారు. ఆ మాటతో నేను చెడిపోయాను.

ఆ చెవిని ఇంటికి తీసుకొచ్చాను. భజనలో గొంతు ఒకచోట, హార్మోనియం ఒకచోట అని నవ్వాను. ఆ తర్వాత నాయనమ్మ.

జొన్నలు ఇసురుకునే కాలం నుంచీ నాయనమ్మకి ఒక పాట ఉంది. పిండి గిర్నీ వచ్చి ఇసుర్రాయి మూలన పడ్డాక ఆ పాట చాట దగ్గరికి మారింది. జొన్నలు చెరుగుతూ పాడేది. మూడో చరణంలో ఒకచోట ఆమె గొంతు కొంచెం కిందికి జారేది. నా చెవికి అది దిగిపోయిన తీగలా వినిపించింది.

"నాయనమ్మా, అక్కడ శ్రుతి తప్పుతున్నవ్" అన్నాను.

"అట్లనా బిడ్డా?" అని నవ్వింది. నేను పాడి చూపించాను. రెండుసార్లు నాలా పాడాలని చూసింది, రాలేదు. మళ్లీ నవ్వింది. నేను లేచి వెళ్లిపోయాను. చాలా నెలల తర్వాత గమనించాను. నేను ఇంట్లోకి అడుగు పెట్టగానే పాట ఆగేది. చాట చప్పుడు ఒక్కటే వినిపించేది.

పదో తరగతిలో మ్యూజిక్ పీరియడ్ లెక్కల పీరియడ్ అయ్యింది. గిటార్లు ల్యాబ్‌లో బీరువా మీదికి ఎక్కాయి. ఎవరం అడగలేదు.

ఇంటర్ సెలవుల్లో ఝరాసంగం దగ్గర మేనత్త ఊరికి వెళ్లాను. ఆ పక్కనే మాచ్‌నూర్. అక్కడ 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళలే మైకు పట్టుకుంటారు, వాళ్లే రికార్డు చేస్తారు. విత్తనాల ముచ్చట్లు, మందుల ముచ్చట్లు, పాటలు. ఓ సాయంత్రం అత్త రేడియో పెట్టి రొట్టెలు చేస్తోంది. ఎవరో పెద్దావిడ ఇసుర్రాయి పాట అందుకుంది. మా నాయనమ్మ పాటే. కొన్ని మాటలు వేరు, వరస అదే. మూడో చరణం వచ్చింది. సరిగ్గా అక్కడే, అలాగే, ఆమె గొంతూ కిందికి జారింది.

ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఆడవాళ్లు ఒకే చోట, ఒకేలా తప్పుతారా? అది తప్పు కాదు. అది పాటలోనే ఉంది. నాకు దాన్ని వినే చెవి లేదు, అంతే.

తర్వాత చదివితే అర్థమైంది. గిటార్ మెడ మీద ఒక స్థాయిని 12 సమాన భాగాలు చేసి మెట్లు బిగిస్తారు. పన్నెండో మెట్టు తీగకి సరిగ్గా సగం. నాయనమ్మ గొంతు ఆగేది రెండు మెట్ల మధ్య. వీణకీ మెట్లుంటాయి, కానీ తీగను పక్కకి లాగి ఆ మధ్య చోట్లకి వెళ్తారు. హార్మోనియంలో అదీ కుదరదు. కుదరదనే, ఇంకొన్ని కారణాలతో కలిపి, ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. పాటని తప్పుపట్టకుండా వాద్యాన్ని తప్పుపట్టారు. నేను 14 ఏళ్లకి దానికి తలకిందులుగా చేశాను.

హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక మొదట గిటార్ కొన్నాను. పోయిన దసరాకి ఇంటికి తెచ్చాను. నాయనమ్మకి ఇప్పుడు చూపు సరిగ్గా లేదు. చేత్తో గిటార్ పొట్ట తడిమి, "ఇదేనా నీ బడిలది" అంది. అదే అన్నాను. ఇసుర్రాయి పాట పాడమని అడిగాను.

"నాకు శ్రుతి తెల్వదంటివి గద బిడ్డా."

పదేళ్లు దాటింది. ఆమె మరిచిపోలేదు. కోపం కూడా లేదు, ఉన్న విషయం చెప్పినట్టు చెప్పింది. తప్పు నాదేనని చెప్పాలని ఎన్నో మాటలు అనుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు. "నాకే తెల్వలే నాయనమ్మా, పాడు" అన్నాను.

చాలాసేపటికి పాట అందుకుంది. గొంతు బాగా కిందికి దిగింది. నేను కార్డులు పట్టలేదు. లావు తీగ ఒక్కటే మీటుతూ, మరను వదులు చేసుకుంటూ, వణుకు ఆగేదాకా ఆమె గొంతుకి కలిపాను. తీగ మరీ వదులై ఫ్రెట్లకి తగిలి గిర్రుమంటోంది. సరిచేద్దామని చెయ్యి పెట్టాను.

"ఉండనియ్" అంది. "ఇసుర్రాయి గిట్లనే మోగేది."

రెండు చరణాలు పాడింది. మూడోది మరిచిపోయానంది. నిజంగా మరిచిపోయిందో, నా ముందు పాడటం ఇష్టం లేకనో, నేను అడగలేదు.