సముద్రం వెళ్లిపోయిన ఊళ్లో రెండు రోజులు

బ్రూజ్‌ని వేసవిలో చూసొచ్చినవాళ్లు కాలువలు బాగున్నాయంటారు, చాక్లెట్లు బాగున్నాయంటారు, ఆ వెంటనే 'అబ్బ, ఏం జనమో!' అని నిట్టూరుస్తారు. బెల్జియంలోని ఈ చిన్న ఊరికి 2018లో 80 లక్షల మందికి పైగా వచ్చారట. కాలువల మధ్య ఉన్న పాత ఊళ్లో కాపురముండేవాళ్లు అటూఇటుగా 20 వేలు. మరి జనం కాక ఇంకేం కనిపిస్తుంది! అందుకే వెళ్తే చలికాలంలోనే వెళ్లాలని నాకెప్పట్నుంచో ఉంది.

ప్రాజెక్టు పనిమీద మావారు ఆర్నెల్లుగా బ్రస్సెల్స్‌లో ఉన్నారు. పాపని అమ్మ దగ్గర వదిలి నేను వెళ్లడానికి జనవరిలో వారం రోజులు సెలవు దొరికింది. ఆ వారంలో ఆయనకి ఆఫీసు లేనివి శని, ఆదివారాలే. ఆ రెండు రోజులూ బ్రూజ్‌కే ఇచ్చేశాం.

బ్రస్సెల్స్ నుంచి రైల్లో గంట ప్రయాణం. తెల్లవారడమే ఎనిమిదిన్నర దాటాక. కిటికీ బయట చదునైన పొలాలు, గడ్డిమీద తెల్లగా పేరుకున్న మంచు, అక్కడక్కడా ఆకుల్లేని చెట్లు... అంతే. స్టేషన్‌లో దిగి ఊళ్లోకి నడిస్తే ఇరవై నిమిషాలు. రాళ్లు పరిచిన వీధుల్లో మా సూట్‌కేసు చక్రాలు చేసిన చప్పుడుకి ఊరంతా లేస్తుందేమోనని భయం వేసింది!

అక్కడివాళ్లు కాలువల్ని 'రెయి'లంటారు. రెయి అనే చిన్న నది పేరు మీదుగా వచ్చిన మాట. గట్లకి ఆనుకుని ఇటుక ఇళ్లు, మెట్లు మెట్లుగా పైకి వెళ్లే గోడలు, వంగిన రాతి వంతెనలు. రోజెన్‌హుడ్‌కాయ్ అనే మలుపు దగ్గర నిలబడితే మీరు క్యాలెండర్ల మీద చూసే బ్రూజ్ బొమ్మ మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. సీజన్‌లో అక్కడ ఫొటోకి వరస కట్టాలంటారు. మేం వెళ్లేసరికి ఒక ముసలాయనా, ఆయన కుక్కా ఉన్నారు. టూరిస్టు పడవలన్నీ గట్టుకి కట్టేసి ఉన్నాయి. నీళ్లు కదలడం లేదు. ఎదుటి ఇళ్లు నీళ్లలో తలకిందులుగా, ఏ మాత్రం చెదరకుండా కనిపిస్తున్నాయి.

ఈ ఊరిని 'ఉత్తరాది వెనిస్' అంటుంటారు. ఆ పోలిక నాకు నచ్చలేదు. వెనిస్‌ని సముద్రం ఇప్పటికీ వదల్లేదు. బ్రూజ్‌ని ఎప్పుడో వదిలేసింది.

ఓడలొచ్చిన రోజులు

1134లో ఒక పెద్ద తుపాను తీరాన్ని కోసేసి, జ్విన్ అనే సముద్రపు పాయని లోపలిదాకా తెచ్చింది. దాంతో బ్రూజ్ దశ తిరిగింది. ఇంగ్లండ్ నుంచి ఉన్ని దిగేది. ఫ్లాండర్స్ మగ్గాలమీద బట్టగా మారి దేశదేశాలకూ ఎగుమతయ్యేది. జెనోవా, ఫ్లోరెన్స్, వెనిస్ వర్తకులు, జర్మన్ హాన్సా వ్యాపారులు వచ్చి ఇక్కడే ఇళ్లు తీసుకున్నారు. వాన్ డెర్ బూర్జె అనే కుటుంబం నడిపే సత్రం ముందు పోగై సరుకుల ధరలు, హుండీలు మాట్లాడుకునేవారు. ఇప్పటికీ యూరప్‌లో చాలాచోట్ల స్టాక్ మార్కెట్‌ని 'బోర్స్' అంటారే, ఆ మాట ఈ ఇంటిపేరు నుంచే వచ్చిందని చెబుతారు. వ్లామింగ్‌స్ట్రాట్ అనే వీధిలో ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది.

తర్వాత పాయ మేట వేయడం మొదలెట్టింది. తవ్వినకొద్దీ ఇసుక. పెద్ద ఓడలు రాలేని పరిస్థితి. దానికి తోడు రాజకీయం. 1488లో ఊరి జనం తిరగబడి, తమని ఏలుతున్న మాక్సిమిలియన్‌ని మార్కెట్ కూడలిలోని ఒక ఇంట్లో కొన్ని నెలలపాటు బంధించేశారు. బయటపడ్డాక ఆయన ఊరుకుంటాడా? విదేశీ వర్తకుల్ని ఆంట్‌వెర్ప్‌కి మారిపొమ్మన్నాడు. పాయ పూడిపోతుంటే వాళ్లకీ కావాల్సింది అదే. సరుకు వెళ్లింది, డబ్బు వెళ్లింది, ఊరు మిగిలింది. ఇప్పుడు సముద్రం 15 కిలోమీటర్ల అవతల ఉంది.

అన్నట్టు, కాలువల్లోని హంసలకీ ఆ ఏడాదికీ ఒక ముడి ఉంది. ఆ గొడవలో జనం పీటర్ లాంకల్స్ అనే అధికారికి మరణశిక్ష వేశారు. ఆ పేరు వింటే వాళ్ల భాషలో 'పొడవు మెడ' అన్నట్టు ఉంటుంది. అందుకు శిక్షగా ఊరు శాశ్వతంగా పొడవు మెడల పక్షుల్ని పోషించాలని మాక్సిమిలియన్ ఆజ్ఞాపించాడని కథ. కథే కావచ్చు, హంసలు మాత్రం బాగా బలిసి ఉన్నాయి.

డబ్బున్నప్పుడు కట్టిన ఇళ్లని, డబ్బు పోయాక పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత బ్రూజ్‌కి లేకపోయింది. నాలుగొందల ఏళ్ల ఆ లేమి వల్లే ఊరు ఉన్నదున్నట్టుగా నిలిచింది. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఈ కథ చదువుతుంటే నాకు మన మోటుపల్లి గుర్తొచ్చింది. విదేశీ వర్తకులకి భయం లేదంటూ కాకతీయ గణపతిదేవుడు 1244లో శాసనం వేయించిన రేవు అది. ఇప్పుడు చిన్న పల్లె. అక్కడికి రైలేసుకుని ఎవరు వెళ్తున్నారు చెప్పండి?

366 మెట్లు

మార్కెట్ కూడలిలో గంటల గోపురం ఎక్కాలంటే 366 మెట్లు. ఎత్తు 83 మీటర్లు. పైకి వెళ్లేకొద్దీ మెట్లు సన్నబడిపోతాయి. ఎదురుగా ఎవరైనా దిగితే గోడకి అతుక్కుపోవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కిందే కాఫీ హోటల్లో కూర్చోబెట్టడం మంచిది. పైన 47 గంటలున్నాయి. పావుగంటకోసారి మోగుతాయి. ఆ సమయానికి పక్కనే ఉంటే చెవులు మూసుకోకుండా ఉండలేం. మేం సముద్రం కనిపిస్తుందేమోనని ఉత్తరం వైపు చూశాం. పొగమంచు తప్ప ఏమీ లేదు.

అవర్ లేడీ చర్చిలో మైకెలాంజిలో చెక్కిన పాలరాతి మేరీమాత, బాలయేసు ఉన్నారు. బ్రూజ్ బట్టల వ్యాపారులు కొని తెచ్చిన శిల్పం. మైకెలాంజిలో బతికుండగా ఇటలీ దాటిన శిల్పం ఇదొక్కటేనంటారు. 1794లో ఫ్రెంచివాళ్లు ఎత్తుకెళ్లారు, తిరిగొచ్చింది. 1944లో జర్మన్లు ఎత్తుకెళ్లారు. ఆ మర్నాటి ఏడు ఆస్ట్రియాలో ఒక ఉప్పుగనిలో దొరికింది. మళ్లీ తిరిగొచ్చింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం గ్రూనింగె మ్యూజియంలోని ఒక చిన్న బొమ్మ. చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ ఈ ఊళ్లోనే బతికి 1441లో ఇక్కడే చనిపోయాడు. 1439లో తన భార్య మార్గరెట్ బొమ్మ గీశాడు. ఎర్రటి గౌను, తలమీద తెల్లటి మేలిముసుగు, మూసిన పల్చని పెదాలు. అందగత్తె అని చూపించాలన్న తాపత్రయం ఎక్కడా లేదు. తన వయసు 33 అనీ, తన భర్త ఈ బొమ్మ పూర్తిచేశాడనీ ఆవిడే చెబుతున్నట్టు చట్రం మీద రాసి ఉంది. అదే చిత్రకారుడు 1434లో గీసిన ఆర్నోల్ఫిని దంపతుల బొమ్మ చాలామందికి తెలిసే ఉంటుంది. అది ఇప్పుడు లండన్‌లో ఉంది. అందులోని ఆయన లుక్కా అనే ఇటలీ ఊరి నుంచి వచ్చి బ్రూజ్‌లో వ్యాపారం చేసుకున్న మనిషి.

"అంటే ఆయన కూడా ఆన్‌సైట్ అన్నమాట" అన్నారు మావారు. నవ్వాం. తర్వాత బెంచీమీద కూర్చుని చెప్పారు, "ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు. సోమవారం చెప్పాలి."

రెండు రోజుల్లో ఆ మాట మళ్లీ మళ్లీ వచ్చింది. గోధుమరంగు కాగితంలో వేడి వాఫిల్ తింటున్నప్పుడొకసారి, హోటల్ గదిలో తడి బూట్లు హీటర్ పక్కన ఆరబెడుతున్నప్పుడొకసారి.

లేసు అల్లే చేతులు

ఐదుకల్లా చీకటి పడిపోతుంది. బస్సుల్లో, రైళ్లలో పగటికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోతారు. ఒక రాత్రయినా ఉండండని చెప్పేది అందుకే. వీధిదీపాల పసుపు వెలుగు కాలువల్లో పడి, మన అడుగుల చప్పుడు మనకే వినిపిస్తుంటుంది. 2019లో ఊరి మేయరే ముందుకొచ్చి, ఉదయం వచ్చి సాయంత్రం పోయే టూరిస్టుల కోసం ప్రచారం ఆపేస్తామనీ, పక్క రేవుకి వచ్చే క్రూయిజ్ ఓడల్ని తగ్గిస్తామనీ ప్రకటించారు. జనం లేక వెలవెలబోయిన ఊరు జనాన్ని వద్దనే దాకా వచ్చింది!

ఆదివారం మాకు కుదర్లేదు కానీ శనివారం మధ్యాహ్నం లేసు కేంద్రానికి వెళ్లాం. దిండుమీద గుచ్చిన సూదుల మధ్య చిన్న చిన్న కొయ్య కదుళ్లని అటూఇటూ వేస్తూ ఆడవాళ్లు లేసు అల్లుతున్నారు. మన నర్సాపురం లేసు క్రోషియా సూదితో అల్లేది, ఇది పూర్తిగా వేరే పద్ధతి. కానీ తల వంచుకుని లెక్క పెట్టుకునే ఆ తీరు మాత్రం అచ్చం మనవాళ్లదే. బజారులో లేసు పేరిట అమ్మేదంతా చేతిపని కాదు. చాలావరకు మిషను మీద చేసి బయట్నుంచి తెచ్చిందే. చేతిపని అయితే ధర చూడగానే తెలిసిపోతుంది.

ఆదివారం ఉదయం బెగినాజ్‌కి వెళ్లాం. 1245లో మొదలైన ఆశ్రమం ఇది. సన్యాసం పుచ్చుకోకుండానే, తమ సంపాదన మీద తాము బతుకుతూ ఆడవాళ్లు ఇక్కడ కలిసి ఉండేవారు. తెల్ల సున్నం ఇళ్లు, మధ్యలో ఎత్తయిన చెట్లు. గట్టిగా మాట్లాడకూడదని బోర్డు. ఇప్పుడు బెనెడిక్టిన్ సన్యాసినులుంటున్నారు. అక్కడ్నుంచి బయటికొస్తే మిన్నెవాటర్ సరస్సు.

వంతెనమీద నిలబడి "పాపని ఇక్కడి బడిలో వేస్తే?" అన్నారాయన. "నా ఉద్యోగమో?" అన్నాను. "అమ్మానాన్నలో?" అని ఆయనే అన్నారు. హంసలు మా చేతుల్లో ఏమైనా ఉందేమోనని దగ్గరికొచ్చి, ఏమీ లేదని తెలిసి వెళ్లిపోయాయి. చేతులు గడ్డకట్టేలోగా లెక్క తేల్చాం. రెండేళ్లు కాదు, జూన్ దాకా. సోమవారం ఆయన ఆఫీసులో అదే చెప్పారు. వాళ్లు సరేనన్నారో లేదో మరో కథ.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు

షెంజెన్ వీసా ఉంటే చాలు. బ్రస్సెల్స్ నుంచి రైళ్లు రోజంతా ఉంటాయి. రాళ్ల వీధులు తడిస్తే జారతాయి కాబట్టి పట్టున్న బూట్లే వేసుకోండి. మ్యూజియంలు చాలావాటికి సోమవారం సెలవు. పడవ షికారు తప్పనిసరి అనుకుంటే మార్చి తర్వాతే వెళ్లాలి. శాకాహారులకో హెచ్చరిక: గంటల గోపురం కింద ఆకుపచ్చ బండ్ల దగ్గర వేడివేడి బంగాళాదుంప వేపుళ్ల వాసన నోరూరిస్తుంది. బెల్జియంలో వీటిని పశువుల కొవ్వులో వేయించడం పాత అలవాటు. కొనేముందు ఏ నూనె అని ఒక్క మాట అడగండి.