ధూప్‌తో దోస్తీ

ఈద్ అయిన మూడో రోజు పొద్దున, కనకమామిడి వైపు వెళ్లే దారిలో ఒక మర్రిచెట్టు మొదట్లో కూలబడిపోయాను. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఏప్రిల్ నెలలో, ఏడున్నర దాటాక, ఒళ్లంతా పసీనాతో తడిసిన మనిషికి చలి పుట్టడమేమిటో ఆ నిమిషంలో సమజ్ కాలేదు. కళ్ల ముందు రోడ్డు నీళ్లలో మునిగినట్టు ఊగింది. చెవుల్లో హోరు. మనసులో దువా చదువుకుందామంటే ఎప్పటినుంచో నోటికొచ్చిన దువా కూడా సగంలో తప్పిపోయింది. అప్పుడు భయం వేసింది.

అసలు నాకీ పరుగెందుకో ముందు చెప్పాలి. ఉండేది మొయినాబాద్‌లో. నౌకరీ పేపర్లో. రాత్రి ఎడిషన్ పోయేదాకా కుర్చీలో కూర్చోవడం, చాయ్ మీద చాయ్, అర్ధరాత్రి ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చోవడం. ఇరవై ఏళ్ల ఈ ఆదత్‌కు ఫలితంగా నలభై నాలుగో ఏట షుగర్ వచ్చింది. "గోలీలు నేను రాస్తా, మెహనత్ మీరు చేయాలి" అన్నాడు డాక్టర్ సాబ్. నిరుడు నవంబర్లో మొదలుపెట్టాను. ముందు చౌరస్తా దాకా నడక. తర్వాత ఒక కిలోమీటరు పరుగు. ఫిబ్రవరి ఆఖరుకల్లా ఎనిమిది కిలోమీటర్లు ఆగకుండా ఉరికేవాణ్ణి. గురూర్ కూడా కొంచెం వచ్చింది. తౌబా.

మా బీజాపూర్ రోడ్డు చూసినవాళ్లకు నా మజా అర్థమవుతుంది. చేవెళ్ల వైపు పోయే ఈ సడక్‌కు రెండు పక్కలా మర్రిచెట్లు, తొమ్మిది వందలకు పైనే. నిజాం జమానాలో నాటినవని పెద్దలు చెప్తారు. రోడ్డు వెడల్పు చేయాలని ఒకవైపు, చెట్లు బతకాలని మరొకవైపు ఏళ్ల తరబడి జగడం నడిచింది, హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ఆ ఖబర్లు నేనూ రాశాను. అటు జనమూ ఇటు జనమూ ఏమంటున్నారో బరాబర్‌గా రాశాను. కానీ ఒక చెట్టు నీడకూ ఇంకో చెట్టు నీడకూ మధ్య ఉన్న ఎండ ముక్క ఎంత పొడుగుంటుందో ఆ రోజుల్లో తెలియదు. కార్లో కూర్చున్నవాడికి అది తెలియదు. ఉరికేవాడికి తెలుస్తుంది.

మార్చి 2న రోజాలు మొదలయ్యాయి. పరుగు బంద్ చేశాను. సహరీకి లేవడం, డ్యూటీ, ఇఫ్తార్, తరావీహ్. ఆ నెలంతా పగలు వీలైనంత నీడలోనే గడిచింది. నేను అటు ఉండగా ఇటు మౌసమ్ మారిపోయింది. మార్చి 31న ఈద్. షీర్ ఖుర్మా మనం తక్కువ తాగామా? ఆ హిసాబ్ తీర్చాలని మూడో రోజు బూట్లు తొడిగాను. అదీ ఫజర్ కాగానే కాదు, ఒక నిద్ర తీసి లేచి, ఆరున్నర దాటాక. ఫిబ్రవరిలో ఏ వేగంతో ఉరికానో అదే వేగం, అవే ఎనిమిది కిలోమీటర్లు. ఆఖరి మూడు కిలోమీటర్లు మిగిలి ఉండగా ఈ చెట్టు కిందికి చేరాను.

పక్క చేన్లో టమాటలు తెంపుతున్న ఒకామె చూసింది. యాభై దాటి ఉంటాయి. నెత్తి మీద తువ్వాల, ఫుల్ చేతుల మగవాళ్ల అంగీ. పరుగున వచ్చి, తాగమని కాదు, ముందు నా నెత్తి మీద సగం బిందె కుమ్మరించింది. తువ్వాల తడిపి మెడ మీద వేసింది. దాంతోనే విసిరింది. నా పేరేందో, ఇల్లెక్కడో అడిగింది. నేను సరిగ్గా జవాబు చెప్పాకే నీళ్లు తాగనిచ్చింది.

"ఏం సారూ, పానం మీద తీపి లేదా?" అంది.

"రోజూ ఉరికేవాణ్ణే అక్కా. రంజాన్ అని నెల రోజులు ఆపిన, అంతే" అన్నాను.

"గదే మరి. మేం గూడ పెండ్లికో చావుకో పోయి పది దినాలు ఇంట్లుంటే, మల్ల చేన్లకొచ్చిన మొదటి దినం సగం పూటనే చేస్తం. ఒళ్లు ఎండను మర్శిపోతది గద."

ఒళ్లు ఎండను మర్చిపోతుంది. ఇంటికి ఆటోలో వచ్చాను. దారి పొడుగునా ఆ ఒక్క మాటే. ఎందుకంటే ఆ మాట నన్ను 1999 మే నెలకు తీసుకుపోయింది.

మా అబ్బా కలాయి వేసేవాడు. కలాయి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. రాగి, ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత. నేలలో చిన్న గుంత తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో మంట ఊది, గిన్నె ఎర్రగా కాగాక నౌషాదర్ చల్లుతారు, అదే నవసాగరం. గుప్పున తెల్లటి పొగ లేస్తుంది. తగరం ముక్క రాసి, దూదితో గిర్రున తిప్పితే గిన్నె లోపల చంద్రుడు వచ్చినట్టు మెరుస్తుంది. స్టీలు, అల్యూమినియం వచ్చి ఆ హునర్‌ను మింగేశాయి గానీ, అబ్బా ఆఖరి దాకా అదే చేశాడు. పని దొరికేదే ఎండాకాలంలో. పెళ్లిళ్లప్పుడే పెద్ద డేగిషాలు బయటికొస్తాయి. అంటే పైన ఎండ, కింద మంట, మధ్యలో అబ్బా.

అలా ముప్ఫై ఎండాకాలాలు చేశాడు, ఒక్కసారి పడిపోలేదు. ఎట్లా? ఇప్పుడు వెనక్కి చూస్తే ఆయనకో ఖాయిదా ఉండేది. శివరాత్రి పోగానే సైకిల్ తీసేవాడు, కానీ మొదటి వారం పక్కనున్న రెండు ఊళ్లే, పదకొండింటికల్లా ఇంట్లో ఉండేవాడు. తర్వాతి వారం నాలుగు ఊళ్లు. ఉగాది దాటాకే చేవెళ్ల అవతలి పెద్ద చక్కర్. జేబులో ఉల్లిగడ్డ, సీసాలో ఉప్పు వేసిన పల్చటి చల్ల. స్కూలు సెలవుల్లో నేనూ వెంట పోతానంటే మొదటి వారం వద్దనేవాడు కాదు, మూడో వారం వద్దనేవాడు. "ధూప్‌సే దోస్తీ కర్నా బేటా, కుస్తీ నక్కో" అనేవాడు. అది ఆయన తమాషా మాట అనుకునేవాణ్ణి.

1999లో అబ్బాకు ఏప్రిల్ చివర్లో జ్వరం పట్టుకుంది. రెండు వారాలు మంచం మీదే ఉన్నాడు. లేచేసరికి మే నడిమి. నేను అప్పుడు డిగ్రీలో ఉన్నాను. ఉర్దూ మీడియంలో చదివిన పిల్లగాడు తెలుగు తీసుకున్నాడని మొహల్లాలో కొందరు నవ్వితే, "దో జబాన్ వాలే కో దో రోటీ" అన్నవాడు అబ్బా. పరీక్ష ఫీజుకు ఆఖరి తారీఖు దగ్గరపడింది. నేను అడగలేదు. కానీ కాగితం తీసుకొచ్చి తాక్ మీద పెట్టాను, కనబడేటట్టు. అడగడం కంటే అది తక్కువేం కాదు.

తెల్లారి అబ్బా చేవెళ్ల అవతలి చక్కర్‌కు పోయాడు. మొదటి రోజే.

సాయంత్రం ట్రాక్టర్ మీద తెచ్చారు. వణుకుతున్నాడు, ఏదేదో మాట్లాడుతున్నాడు, అమ్మీని వాళ్లమ్మ పేరుతో పిలుస్తున్నాడు. వణుకుతున్నాడు కదా అని మేం దుప్పటి కప్పాం. ఒకటి సరిపోదని రెండోది కప్పాను నేనే. నోట్లో చెంచాతో నీళ్లు పోయబోయాం. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. గుండె ఆగి పోయాడని రాశారు. "ఉన్‌కీ ఘడీ ఆగయీ థీ" అంది అమ్మీ. జనాజాకు వచ్చినవాళ్లు కూడా అదే అన్నారు. నేను మాత్రం తాక్ మీది కాగితం గురించి ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకే చెప్తున్నాను.

ఆ మర్రిచెట్టు సంఘటన తర్వాత వారం రోజులు బూట్లు ముట్టుకోలేదు. చదివాను. మనిషి శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి నుంచి రెండు వారాలు కావాలి. రోజూ కొంచెం కొంచెం ఎండలో పని చేస్తుంటే ముందు నెత్తుట్లో నీటి భాగం పెరుగుతుంది. దాంతో అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. పసీనా తొందరగా మొదలవుతుంది, ఎక్కువ వస్తుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. ఈ ఇంతజామ్ శాశ్వతం కాదు. ఎండకు దూరంగా ఉంటే వారానికే తరగడం మొదలై, కొన్ని వారాల్లో దాదాపు పోతుంది. ముప్ఫై ఎండాకాలాల తజుర్బా ఉన్నా సరే. ఒంటికి తజుర్బాతో పని లేదు, పోయిన వారం ఏం చేశావన్నదే దానికి హిసాబ్.

అమెరికాలో కార్మికుల సేహత్ చూసే సంస్థ ఒకటి, వేడిలో కొత్తగా పనికి వచ్చినవాడికి మొదటి రోజు 20 శాతం పనే ఇవ్వమంటుంది, తర్వాత రోజుకు ఇంకో 20 శాతానికి మించి పెంచవద్దంటుంది. అబ్బా ఖాయిదా అదే. టమాట చేన్ల అక్క ఖాయిదా కూడా దాదాపు అదే. ఆమె నా పేరు అడగడం కూడా ఊరికే కాదు. వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి దిమాగ్ మీద పని చేస్తుంది. మాట తడబడితే, మనుషులను గుర్తుపట్టకపోతే, అది అలసట కాదు. నీడలోకి తేవాలి, బట్టలు వదులు చేసి ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడపాలి, విసరాలి, 108కి ఫోన్ చేయాలి. సోయి లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. దుప్పటి కప్పకూడదు.

ఆ ఆఖరి వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ రెండో వారంలో మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి అబ్బా లెక్కన. ఫజర్ నమాజ్ కాగానే, సూర్యుడు రాకముందే బయటపడటం. మొదటి రోజు పదిహేను నిమిషాలు. రెండు నిమిషాలు ఉరుకుడు, ఒక నిమిషం నడక. పక్కన మనిషి ఉంటే ఆగకుండా మాట్లాడగలిగేంత వేగం, అంతే. గడియారంలో కిలోమీటర్లు చూడటం మానేశాను, నిమిషాలు చూస్తున్నాను. మొదటి నాలుగు రోజులు ముసలి ఎద్దులా ఉన్నాను. ఆరో రోజుకు పసీనా తొందరగా పట్టడం తెలిసింది. పదో రోజు అదే వేగానికి ఊపిరి తేలికైంది. ఇప్పుడు అయిదు కిలోమీటర్లు. మేలో ఇంతకంటే పెంచను. సాయంత్రం పరుగు వదిలేశాను. పగలంతా కాగిన తారు రోడ్డు మగ్రిబ్ తర్వాత కూడా పొయ్యిలా సెగ కక్కుతుంది. హిమాయత్‌సాగర్ వైపు మబ్బు పట్టి గాలి ఆడని రోజు ఉంటుందే, అది ఎండ రోజు కంటే దగా చేస్తుంది. పసీనా ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆ రోజు నడకే. సబర్ అంటే ఏందో మౌల్వీ సాబ్ చెప్పినప్పటికంటే ఇప్పుడు బాగా అర్థమైంది.

చేవెళ్ల పేరు చెప్తే చాలామందికి 2003 గుర్తొస్తుంది. ఆ ఏడాది ఏప్రిల్ 9న వైయస్ రాజశేఖరరెడ్డి ఇక్కడినుంచే పాదయాత్ర మొదలుపెట్టి, జూన్ నడిమికి ఇచ్ఛాపురం చేరాడు. 1400 కిలోమీటర్ల పైన, మొత్తం ఎండాకాలమే. మధ్యలో రాజమండ్రి దగ్గర జబ్బుపడితే కొన్ని రోజులు ఆగాడు. ఆగగలిగాడు. అదే ఎండాకాలం ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలు దాటింది. ఆ రోజుల్లో డెస్కులో కూర్చుని "వడదెబ్బకు మరో నలుగురి మృతి" అని సింగిల్ కాలమ్‌లు దిద్దింది నేనే. పేరు, వయసు, ఊరు. అంతే అడిగేవాణ్ణి.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ సర్కార్ వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో పోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షలు. మంచి మాటే. కానీ వడదెబ్బతోనే పోయాడని సాబిత్ కావాలి కదా. ఒంటరిగా చేన్లో పడిపోయినవాడికి ఎవరు గవాహీ ఇస్తారు? గుండె ఆగిందని రాస్తే అక్కడితో కితాబ్ మూసినట్టే. మా అబ్బా ఏ లెక్కలోనూ లేడు.

అందుకే రిపోర్టర్లు ఇప్పుడు వడదెబ్బ ఖబర్ పంపితే ఫోన్ చేసి ఒక సవాల్ ఎక్కువ అడుగుతున్నాను. "దానికి ముందు ఎన్ని రోజులు పనికి పోలేదు?" కొందరు విసుక్కుంటారు. ఒక పిల్లగాడు మాత్రం మళ్లీ ఆ ఇంటికి పోయి అడిగొచ్చాడు. ఊరికి పోయి పన్నెండు రోజుల తర్వాత ఆ పొద్దే పనిలోకి దిగాడట. ఆ వాక్యాన్ని ఖబర్ మొదట్లో పెట్టాను.

నా గునాహ్ దీనితో తేలికైందని చెప్పను. కాగితం తాక్ మీద పెట్టింది నేనే, రెండో దుప్పటి కప్పింది నేనే. అమ్మీకి ఇంకా చెప్పలేదు. చెప్పాలో వద్దో తెలియదు. పోయిన జుమ్మా రోజు పరుగు అయ్యాక ఇంటికి పోకుండా ఖబరస్తాన్‌కు పోయాను. ఫాతిహా చదివాను. బూట్లు విప్పి చేతిలో పట్టుకుని, పసీనా ఆరేదాకా అబ్బా పక్కన నీడలో కూర్చున్నాను.

టమాట చేన్ల అక్క మొన్న మళ్లీ కనబడింది. చెయ్యి ఊపాను. "ఇయ్యాల ఎంత సేపు సారూ?" అని కేకేసింది.

"ముప్ఫై అయిదు నిమిషాలే అక్కా!"

"సాలు, సాలు. ఇంటికి పో!"

వెళ్లిపోయాను.