జాలీలోంచి వచ్చే హవా

గద్వాలలో మా నానీమా ఇల్లు మట్టి మిద్దె. మూరెడు మందం గోడలు, నడుమ సహన్, దాని చుట్టూ దాలాన్. అర్రల్లో గోడల పైభాగాన చిన్న చిన్న రోషన్‌దాన్‌లు. జొహర్ కాకముందే నానీమా కిటికీలన్నీ మూసేసేది, రోషన్‌దాన్‌ల జోలికి మాత్రం ఎవర్నీ పోనిచ్చేది కాదు. "వేడి పైకే పోతది బేటా, దానికి రాస్తా ఇడవాలె" అనేది. మగ్రిబ్ అయినంక అన్నీ బార్లా తెరిచేది. రాత్రంతా గోడలు చల్లారేవి.

2019లో రంజాన్ మే నెలలో వచ్చింది. అప్పటికి మేం వనపర్తిలో స్లాబు ఇల్లు కట్టుకున్నం. అసర్ వేళ ఇఫ్తార్ కోసం వంట చేస్తూ అమ్మీ కళ్లు తిరిగి పడిపోయింది. రోజా తెంపించి నీళ్లు తాగించినం. ఆ వంటిల్లు పడమటి దిక్కుకు ఉంది, ఉన్నది ఒక్కటే కిటికీ. గల్లీలోకి కనపడతదని దాన్ని పలక కొట్టించి మూయించింది ఎవరో కాదు, నేనే. పర్దా కోసమట! అమ్మీ నన్ను ఒక్క మాట అనలేదు. ఈద్ తర్వాత ఖజా రోజా ఉన్నది.

నానీమా ఇంట్లో పర్దా లేకనా? గల్లీ వైపు గోడకు ఇటుకల జాలీ ఉండేది. పగలు బయట వెలుతురు ఎక్కువ, లోపల తక్కువ. అందుకే లోపలున్నోళ్లకు బజారంతా కనపడేది, బజారోళ్లకు ఏమీ కనపడేది కాదు, హవా మాత్రం ఆగేది కాదు. (రాత్రి దీపం పెడితే మామలా ఉల్టా అయితది, అప్పుడు గుడ్డ పర్దా దించేది.) ఖాహిరా పాత ఇళ్లలో మష్రబియ్యా అనే చెక్క జాలీ చేసేదీ ఈ పనే.

ఇప్పుడు తమ్ముడు నాగర్‌కర్నూల్‌లో ఇల్లు కడుతున్నడు. ఈసారి నక్షా ముందర అమ్మీనే కూర్చోబెట్టినం. పడమటి ఎండ వాలుగా లోపలికి దూరుతది, దానికి ఛజ్జా చాలదు. అందుకే అటు దిక్కు దాలాన్, దాని ముందర వేపచెట్టు. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మా మూడు ఊర్లకూ నెత్తి మీద నిలువుగా ఉంటడు, మన నీడ మన కాళ్ల కిందే. ఆ దెబ్బంతా కప్పు మీదే పడతది గనక పైన తెల్లటి పూత. 2023లో తెలంగాణ సర్కార్ తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ కూడా ఇట్లాంటి కప్పుల గురించే.

వంటింటి గోడ కాడ మేస్త్రీ ఆగిండు. "జాలీ పెడితే దుమ్మొస్తది అమ్మా."

"ఊడ్చేదాన్ని నేనే కదా బేటా. పెట్టు" అన్నది అమ్మీ.