గుడిమల్కాపూరు పూలసంతలో వెండితెర వనితలు

మెహిదీపట్నము నుండి అత్తాపురము వైపునకు, పి.వి. నరసింహారావుగారి పేర వెలసిన ఎత్తువంతెన నీడ వెంట సాగు బాటలో గుడిమల్కాపూరు అను పేట కలదు. నిజాము కొలువున సేనాధికారియైన జాంసింగు కట్టించినదని చెప్పుకొను బాలాజీ ఆలయమును, అతని పేరనే నిలిచిన మసీదును గల ఈ పేటకు నేడు నగరమంతట ప్రసిద్ధి తెచ్చినది మాత్రము పూలసంత. మొజంజాహీ మార్కెట్టు సమీపమున జాంబాగు ఇరుకుసందులలో సాగిన పూలవ్యాపారము ఇచ్చటికి తరలివచ్చిన నాటనుండి, చేవెళ్ల, వికారాబాదు ప్రాంతముల బంతి, చేమంతి, గులాబి గంపలును, కర్ణాటకము నుండి వచ్చు లారీల సరుకును తెల్లవారకమున్నే ఇచ్చట దిగుచున్నవి. పెండ్లిపందిళ్లకును, దేవళములకును పూలు కొనువారు ఇచ్చటికి వత్తురని నేనెరుగుదును. కాని వారి నడుమ చలనచిత్రములలోను, టెలివిజను ధారావాహికలలోను పనిచేయు స్త్రీలు కూడ నుందురని ఒక మిత్రుడు చెప్పగా, వారి వృత్తిమార్గమెట్టిదో వారినోటనే వినగోరి ఒక ఫాల్గునమాసపు వేకువను ఆ మిత్రునితో కలిసి అచ్చటికి పోయితిని.

సంతలో నడచుట సులభము కాదు. తడిసిన గోనెపట్టాలపై రాసులుగా పోసిన బంతిపూలు, కిలోల లెక్కన తూచుచున్న చేమంతులు, వేలము పాడువారి కేకలు, తలపై గంపలతో ‘పక్కకు, పక్కకు’ అనుచు త్రోసికొనివచ్చు హమాలీలు, వీనినెల్ల దాటి లోనికి పోగా, గోడవారగా కూర్చుండి మల్లెలను, కనకాంబరములను మూరలుగా కట్టుచున్న ఆడవారి వరుస కనబడినది. ఆ వరుస ముందు, భుజమునకు పెద్ద సంచి తగిలించుకొని, యేబదియేండ్లు దాటిన యొక యామె నిలిచి మల్లెదండను చేతిలోనికి తీసికొని మొగ్గలను వెలుతురునకు పట్టి చూచుచుండెను. ఆమె సినిమాలలో హెయిర్ డ్రెస్సరు. “ఇవి పదకొండింటికల్లా విచ్చుకుంటాయమ్మా. నాకు సాయంత్రం ప్యాకప్ దాకా మొగ్గలే కావాలి” అని బేరము మాని ఆమె ముందునకు సాగినది.

ఆ మాటలోని మర్మమును నేనడుగగా ఆమె ఓపికతో వివరించినది. ఉదయము తీసిన దృశ్యములోని మిగిలిన ముక్కలను మధ్యాహ్నము గాని, మరి రెండు దినములకు గాని తీయుదురు. తెరపై అవియన్నియు ఒక్క నిమిషమున జరిగినట్లు కనబడవలెను. మొదటి ముక్కలో మొగ్గలై యున్న మల్లెలు రెండవ ముక్కలో విచ్చినచో, ప్రేక్షకుడు గుర్తింపకున్నను ఎడిటరు గుర్తించును, గుర్తించి హెయిర్ డ్రెస్సరును పిలుచును. దీపముల వేడిమికి మల్లె త్వరగా పసుపువన్నె తిరుగును. కనకాంబరము వాడక నిలుచును. అందుచేత దగ్గరగా తీయు షాట్లకు నిజమైన పూలను, దూరపు షాట్లకు గుడ్డపూలను వాడుట ఆమె అలవాటు. ఏ సీనులో జడ ఏ భుజముమీద నుండెనో, పాపిట ఎంత వంకరగా నుండెనో, సవరము ఎచ్చట మొదలయ్యెనో పూర్వము చిన్న పుస్తకములో బొమ్మలు గీసికొనెడిది. ఇప్పుడు ఫోనులో ఫోటోలు తీసి దాచుకొనుచున్నది. ఇంతటి పరిశీలన గల పనికి సెట్టులో వాడుక పేరు ‘జడ వేసే ఆమె’.

కృష్ణాజిల్లాలోని యొక పల్లెనుండి మూడు దశాబ్దముల క్రిందట నటింపవలెనను కోరికతో వచ్చి కృష్ణానగరులో గది పట్టుకొనిన ఆమె, మొదట జూనియర్ ఆర్టిస్టుగా గుంపులలో నిలిచినది. ఒకనాడు హెయిర్ డ్రెస్సరునకు తోడు రావలసిన సహాయకురాలు రాకపోగా, నాయికకు చెలికత్తెలుగా నిలిచిన పిల్లలకెల్ల తానే జడలు వేసినది; ఆ జడలే ఆమెకు జీవిక నిచ్చినవి. వృత్తిసంఘపు సభ్యత్వకార్డు సంపాదించుటకు చేతిగాజులు తాకట్టుపెట్టినదట. తన యెదుగుదలను గూర్చి నేనడిగినప్పుడు ఆమె నవ్వి చెప్పిన మాట ఇది: “మేకప్ పెట్టె మోసిన కుర్రాడు నా కళ్లముందే అసిస్టెంటయ్యాడు సార్, మేకప్‌మ్యానయ్యాడు, ఇప్పుడొక పెద్ద హీరోకి సొంత మనిషి. నేను వచ్చినప్పుడూ హెయిర్ డ్రెస్సర్నే, ఇవాళా హెయిర్ డ్రెస్సర్నే. ముఖం వాళ్లది, తల మాది. అంతే.”

ఆమె పరిహాసముగా పలికిన ఆ విభాగము పరిహాసము కాదు. హిందీ చిత్రపరిశ్రమలో అర్ధశతాబ్దమునకు పైగా, స్త్రీలు కేశాలంకరణము మాత్రమే చేయవలెననియు, మేకప్పు పురుషులే వేయవలెననియు సంఘనియమము సాగినది. శిక్షణ పొందిన మేకప్ కళాకారిణి చారు ఖురానా ప్రభృతులు న్యాయస్థానమునకెక్కగా, 2014 నవంబరు 10వ తేదీన సుప్రీంకోర్టు ఆ నిషేధము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. అంతవరకు స్త్రీ ముఖమునకు రంగుపూయు విద్య స్త్రీకి తెలిసినను, ఆ విద్యతో జీవించుటకు ఆమెకు కార్డు దొరకలేదు. వ్యాజ్యము ముంబయి సంఘముమీద నడిచినదే యైనను, తీర్పు దేశమంతటికి వర్తించును.

తెలుగు చిత్రచరిత్రను ఈ దృష్టితో తిరిగి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతియైన సురభి కమలాబాయి నాటకరంగము నుండి వచ్చినవారు, 1935లో ‘సతీ సక్కుబాయి’ని నిర్మించిన దాసరి కోటిరత్నము అంతకుముందే నాటకసమాజము నడపినవారు. 1953లో భానుమతి ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో తానే దర్శకత్వము వహించి తీయగలుగుటకు, నటీమణిగా సంపాదించిన కీర్తియు, భర్త రామకృష్ణతో కలిసి నెలకొల్పిన భరణి సంస్థయు వెనుక నిలిచినవి. 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు సావిత్రి దర్శకురాలును, వీరమాచనేని సరోజిని నిర్మాతయు, పి. లీల సంగీతదర్శకురాలును ఐరి. ఆ సాహసము కీర్తి తెచ్చినదే గాని ధనము తేలేదు. బాలనటిగా ప్రవేశించిన విజయనిర్మల 1973లో ‘మీనా’తో తెలుగున దర్శకురాలై, 44 చిత్రములకు దర్శకత్వము వహించినందుకు 2002లో గిన్నిస్ గ్రంథమునకెక్కిరి. వీరి ప్రతిభ నిస్సంశయము. ఐనను వీరిలో అధికులు నాయికగా పేరుపొంది, ఆ పేరును పెట్టుబడిగా పెట్టి దర్శకుని కుర్చీని చేరినవారే. క్లాప్ బోర్డు పట్టి క్రిందినుండి ఒక్కొక్క మెట్టెక్కి వచ్చినవారు కారు. పురుషునకు చిత్రసీమ నిచ్చెన వేసినది; స్త్రీకి మేడ చూపినది గాని మెట్లు చూపలేదు.

ఆ మెట్లను మొదట కొంత చూపినది టెలివిజను. హైదరాబాదు దూరదర్శను కేంద్రము 1977లో ప్రసారములు ప్రారంభించిన పిదప, ధారావాహికల కాలము వచ్చుసరికి, మంజులానాయుడు ‘ఋతురాగాలు’, ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ వంటివానిని యేండ్లతరబడి నడిపి, ప్రతి సాయంకాలము తెలుగిండ్ల వేళలనే మార్చివేసిరి. దినదినము ఒక భాగము ప్రసారము కావలసిన పనిలో చేతులు చాలవు. చేతులు చాలనిచోట ఆడపిల్లకును అవకాశము దొరకును. చిత్రసీమలో నందినీరెడ్డి ‘లిటిల్ సోల్జర్స్’ నాట సహాయదర్శకురాలిగా పనిచేసి, 2011లో ‘అలా మొదలైంది’తో దర్శకురాలైరి, మణిరత్నము కడ సహాయకురాలిగా నుండిన సుధ కొంగర 2017లో ‘గురు’ తీసిరి. క్రిందినుండి ఎక్కిన మార్గమనగా ఇది.

ఆ మార్గమున ఇప్పుడు నడచుచున్న యొక యువతిని సంతలోనే చూచితిని. ఒక ధారావాహికకు సహాయదర్శకురాలైన ఈ వరంగల్లు పిల్ల, పెండ్లి సన్నివేశమునకు దండలు కొనుటకు వచ్చినది. ధారావాహికలో పెండ్లి ఒక్కనాట ముగియదు. ముహూర్తమునకు, తాళికి నడుమ ఎన్ని అడ్డంకులు రావలెనో అన్నియు వచ్చును. అన్నాళ్లును వధూవరుల మెడలలో దండలు అప్పుడే కట్టినట్లుండవలెను. అందుచేత ఒకే యెత్తు, ఒకే వన్నె గల దండలను ఏరోజుకారోజు కట్టి పంపవలెనని ఆమె వ్యాపారితో ఒడంబడిక చేసికొనుచుండెను. “మొదట్ల క్లాప్ కొట్టిన సార్, తర్వాత కంటిన్యుటీ రాసిన. ఇప్పుడు కో-డైరెక్టర్ రాని రోజు సీను నేనే తీస్త. ఇంట్ల మాత్రం ఇంక పెండ్లెప్పుడని అడుగుతనే ఉన్నరు” అని, దండల లెక్క తప్పకుండ చూచుకొనుచునే, నాతో మాటాడినది. హెయిర్ డ్రెస్సరును ఆమె ‘పిన్నీ’ అని పిలిచి, నాయిక కొప్పునకు తెల్లచేమంతి నప్పునా యని సలహా యడిగినది. పెద్దామె వలదనియు, నీలిచీరకు అది వెలవెలబోవుననియు చెప్పగా వెంటనే మార్చుకొనినది.

ఇరువురును ఏకకంఠముగా చెప్పిన కష్టములు మూడు: రాత్రి ప్యాకప్ పిమ్మట ఇల్లు చేరుట, ఔట్‌డోరులో మరుగుదొడ్డి లేకపోవుట, దినవేతనము నెలలు గడచిన పిదప చేతికి వచ్చుట. ఇవి ఒక్క తెలుగుసీమ కష్టములు కావు. మలయాళ చిత్రసీమలోని స్త్రీల స్థితిగతులను విచారించుటకు కేరళప్రభుత్వము 2017లో నియమించిన హేమ కమిటీ నివేదిక కొన్ని భాగములు తొలగింపబడి 2024 ఆగస్టులో వెలువడినప్పుడు, లైంగికవేధింపుల ఘోరములతోపాటు, సెట్టులో మరుగుదొడ్డియు, దుస్తులు మార్చుకొను గదియు లేవను సామాన్యవిషయమును కూడ లోకము చదివి సిగ్గుపడినది. పనిచోట స్త్రీల రక్షణకై 2013లో చేసిన చట్టము పదిమంది పనివారు గల ప్రతి సంస్థయందును ఫిర్యాదులు వినుటకొక అంతర్గత కమిటీ యుండవలెనని శాసించుచున్నది. సెట్టులో పదిమంది కాదు, వందమంది యుందురు.

నేడు నేర్వదలచిన పిల్లకు చోటులు లేకపోలేదు. ఈ సంతకు దవ్వుకాని మాసబ్‌ట్యాంకున జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళా విశ్వవిద్యాలయము ఛాయాగ్రహణము బోధించుచున్నది. అన్నపూర్ణా స్టూడియోలో 2011 నుండి చిత్రవిద్యాలయము నడచుచున్నది. కొరత చదువునకు కాదు, చదువు ముగిసిన మరునాడు సెట్టులో నిలుచు స్థానమునకు. కావున నిర్మాతలకును, సంఘముల పెద్దలకును నా మనవి యిది: ప్రతి చిత్రమునందును, ప్రతి ధారావాహికయందును దర్శకత్వము, కెమేరా, కూర్పు, మేకప్పు శాఖలలో ఒక్కొక్క ఆడపిల్లనైనను జీతముతో, కార్డుతో శిష్యురాలిగా చేర్చుకొనుడు; జడవేయు చేతికి మేకప్పు కుంచె పట్టు హక్కునిండు; పనిచేసినవారి పేరును టైటిళ్లలో వేయుడు. ఇందులకు కొత్తశాసనము అక్కరలేదు. ఉన్న తీర్పును, ఉన్న చట్టమును అమలుపరచిన చాలును.