వినుటకు ఒకటి, వ్రాయుటకు రెండు

విద్యార్థుల వ్రాతప్రతులను దిద్దునపుడు మాకు తఱచుగా కనబడు తప్పులలో పెక్కు అశ్రద్ధవలన గాక చెవివలననే కలుగుచున్నవి. పలుకున ఒక్కటిగా వినబడి వ్రాతలో రెండుగా నిలుచు మాటలు మన భాషలో కొల్లలు.

వీనిలో మమ్మెక్కువగా శ్రమపెట్టునవి అర్థము, అర్ధము. మొదటిది భావము, ధనము, ప్రయోజనము; రెండవది సగము. నడురేయి అర్ధరాత్రియే కాని అర్థరాత్రి కాదు. విద్యార్థి యనగా విద్యను అర్థించువాడు. ఆ మాటను విద్యార్ధి యని వ్రాయువారు విద్యార్థులలోనే పెక్కుమంది! పత్రికలును గోడప్రకటనలును ఈ విషయమున పిల్లలకు మేలు చేయుటలేదు.

గడచిన సంవత్సరము భవానీపురమున ఏటిగట్టున కాపురముండు ఒక బాలిక మా తరగతిలో ధనమును దనమని చదువగా తోడివారు నవ్విరి. ఆ బిడ్డ పలు దినములు నోరు విప్పలేదు. నవ్వినవారికి మేము చెప్పినదిది: ఒత్తక్షరములు అచ్చతెనుగునకు సహజములు కావు, సంస్కృతపదములతో వచ్చి చేరినవి. ఆమె నాలుక తెలుగునాలుక. వేగముగా మాటలాడునపుడు మనలో ఎందఱు ఒత్తి పలుకుచున్నారు? కావున నోటిని నిందింపక చేతికి నేర్పవలయును. థకారమునకు కడుపులో చుక్క యుండును, ధకారమునకు ఉండదు. ఆ బాలిక ఇపుడు గొంతెత్తి చదువుచున్నది. వ్రాతలో మాత్రము ఆ రెండక్షరములు ఇంకను తాఱుమాఱగుచునే యున్నవి.

కల, కళ, వేల, వేళ అనువానితో మాకంత చిక్కులేదు. మెల్లగా పలికించిన చాలును, నాలుకయే తేడా చెప్పును.

అసలు చిక్కు అరసున్నయు శకటరేఫమును పోయినచోట నున్నది. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము (1885) విప్పిచూడుడు. ఏఱు నది, ఏరుట ఎన్నుకొనుట. వేరు చెట్టునది, వేఱు మఱియొకటి. ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరము. వాఁడు మనుష్యుడు, వాడుట పువ్వునకు గలుగునది. నేటి పాఠ్యపుస్తకములలో ఈ గుర్తులు కానరావు. మేమును ఇచట అరసున్నను ఉదాహరణములకే వాడితిమి. వానిని మరల తెండని మేము కోరము. కాని యవి యుండెడివని పిల్లలకు తెలియవలెను.

ఒకనాడు నల్లబల్లపై ‘ఏటిగట్టు’ అని వ్రాయగా అందఱును కృష్ణవైపు చేయి చూపిరి. ‘ఏటిపంట’ అని వ్రాయగా నదియొడ్డున పండినదని సగము తరగతి, సంవత్సరమునకు పండినదని తక్కిన సగము వాదించి, గంట కొట్టినను లేవరైరి.